పసి ఎముక వంగుతుంది

పిల్లవాడికి నూనె రాసి స్నానం చేయిస్తుంటే రొమ్ము మధ్యలో చిన్న గుంట కనిపిస్తుంది. పోసిన నీళ్ళు కాసేపు అక్కడే నిలుస్తాయి. పాలు తాగుతున్నాడు, ఆడుకుంటున్నాడు, జ్వరం లేదు, దగ్గు లేదు. “సన్నగా ఉన్నాడు గదా, ఒళ్ళు వస్తే అదే సర్దుకుంటుందిలే” అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. కొందరిలో ఆ గుంట పెద్దగా మారకుండా అలాగే ఉండిపోతుంది. మరికొందరిలో పన్నెండు పదమూడేళ్ళు వచ్చి ఒక్కసారిగా పొడుగు సాగే రోజుల్లో అదీ లోతవుతుంది. అప్పటిదాకా చొక్కా లేకుండా వీధంతా తిరిగిన కుర్రవాడు ఇంట్లో కూడా బనీను విప్పడం మానేస్తాడు. ఈతకు రమ్మంటే రాడు. భుజాలు ముందుకు వంచుకుని నడుస్తాడు. నిటారుగా నిలబడరా అని నాన్న కోప్పడతాడు గానీ, వాడు దాస్తున్నది ఏమిటో అడగడు.

అసలు ఆ గుంట ఎందుకు పడుతుంది? మన పక్కటెముకలు వీపు దగ్గర మొదలై, చుట్టూ తిరిగి, రొమ్ము మధ్యలో నిలువుగా ఉండే ఎముక దగ్గరికి వస్తాయి. కానీ నేరుగా దానికి అతుక్కోవు. మధ్యలో కొంత మేర మృదులాస్థి ఉంటుంది. వేలితో మడిస్తే మడతపడి, వదిలితే మళ్ళీ లేచే చెవి డొప్పలో ఉన్నదీ ఒక రకం మృదులాస్థే. ఊపిరి పీల్చినప్పుడల్లా రొమ్ము వెడల్పు కావడానికి ఈ మెత్తదనం కావాలి. కొందరు పిల్లల్లో ఈ మృదులాస్థి తీరు తప్పి పెరిగి రొమ్మెముకను వెనక్కి నెడుతుంది. అది గుంట ఛాతీ. ముందుకు తోస్తే పావురం రొమ్ము. గుంట ఛాతీ సుమారు మూడు నాలుగు వందల మంది పిల్లల్లో ఒకరికి ఉంటుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో నాలుగు రెట్లు ఎక్కువ. కొన్ని కుటుంబాల్లో తాతకో, మేనమామకో ఉండి, మళ్ళీ ఈ తరంలో కనబడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏం తిన్నదీ, పుట్టాక బిడ్డను ఎలా పడుకోబెట్టిందీ దీనికి కారణం కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే మన ఇళ్ళలో వేలు మొదట తల్లివైపే చూపిస్తుంది.

యూరప్‌లో ఈ గుంట గురించి రాతలో దొరికే తొలి వర్ణన 1594 నాటిది. బౌహినస్ అన్న లాటిన్ పేరుతో రాసుకున్న వైద్యుడు, రొమ్ము లోపలికి పోయి ఊపిరాడక, తెరలు తెరలుగా దగ్గుతో బాధపడుతున్న ఒక రోగి సంగతి నమోదు చేశాడు. ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ళు వైద్యులు దీన్ని వింతగా చూడటం తప్ప చేసిందేమీ లేదు. 19వ శతాబ్దం రెండో సగంలో జర్మన్ వైద్యులు రోగుల వివరాలు వరసగా రాయడం మొదలుపెట్టారు. 1870లో ఎగెల్, 1882లో ఎబ్‌స్టైన్. వివరాలతో పాటు ఊహలూ పుట్టుకొచ్చాయి. చెప్పులు కుట్టేవాడు అచ్చును రొమ్ముకు ఆనించి పని చేస్తాడు కాబట్టి గుంట పడుతుందన్నారు. మరి పుట్టిన బిడ్డకే ఉంది కదా అంటే, గర్భంలో ముడుచుకుని పడుకున్నప్పుడు గడ్డం రొమ్ముకు నొక్కుకుని ఉంటుందన్నారు. రికెట్స్ అన్నారు, సుఖవ్యాధి అన్నారు. ఒక్కటీ నిలబడలేదు.

వైద్యం లేకపోవడానికి మరో గట్టి కారణం ఉంది. ఆ రోజుల్లో రొమ్ము మీద కత్తి పెట్టాలంటే సర్జన్లకు చేతులాడేవి కావు. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర తెగి బయటి గాలి లోపలికి పోతే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది, రోగి బల్ల మీదే పోతాడు. ఈ చిక్కుముడి విప్పినవాడు ఫెర్డినాండ్ సావర్‌బ్రుఖ్. 1904లో, ఇంకా ముప్ఫై ఏళ్ళు నిండకముందే, బ్రెస్లౌలో ఒక గది లాంటి పెట్టె తయారు చేశాడు. అందులో గాలి ఒత్తిడి బయటికంటే కాస్త తక్కువ. రోగి తల మాత్రం గదికి బయట ఉంటుంది, ఒళ్ళు లోపల. సర్జన్లూ లోపలే నిలబడి కోస్తారు. మెడ చుట్టూ గాలి చొరబడకుండా బిగుతైన పట్టీ. రోగి బయటి గాలి పీలుస్తుంటాడు, లోపల రొమ్ము తెరిచినా ఊపిరితిత్తి ముడుచుకోదు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, రొమ్ము ఆపరేషన్లకు తలుపు తెరిచింది ఈ పెట్టే.

1911లో లుడ్విగ్ మేయర్ అనే జర్మన్ సర్జన్ ఒక గుంట ఛాతీ రోగికి కుడివైపు రెండో, మూడో పక్కటెముకల మృదులాస్థి తీసేశాడు. ఈ లోపాన్ని కత్తితో సరిచేయాలన్న తొలి ప్రయత్నం అదే. రెండేళ్ళకు, 1913లో, సావర్‌బ్రుఖ్ ఇంకా పెద్ద అడుగు వేశాడు. అప్పుడాయన జ్యూరిక్‌లో ఉన్నాడు. వచ్చిన రోగి పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు, గడియారాలు తయారుచేసే కుటుంబం వాడు. ఊరికే కూర్చున్నా ఆయాసం, గుండె దడ. సావర్‌బ్రుఖ్ ఎడమవైపు ఐదు నుంచి తొమ్మిది దాకా పక్కటెముకల మృదులాస్థినీ, దానితో పాటు రొమ్మెముకలో కొంత భాగాన్నీ కోసి తీసేశాడు. గుండెకు ముందున్న గోడే లేకుండా పోయింది. చర్మం, కండ కింద గుండె కొట్టుకోవడం పైకి కనిపించేది. అయినా కుర్రవాడు కోలుకున్నాడు. తండ్రి కార్ఖానాలో రోజుకు పన్నెండు పధ్నాలుగు గంటలు అలసట లేకుండా పని చేశాడట. మూడేళ్ళ తర్వాత పెళ్ళి కూడా చేసుకున్నాడు. గుంట పోలేదు సరే, గుండెకు కాస్త చోటు దొరికింది. వెనక్కి నొక్కుకున్న ఎముక లోపలి అవయవాలను ఇబ్బంది పెట్టగలదని అంత బలంగా చూపించిన తొలి రోగి ఆ కుర్రవాడే.

గుండెను కవచం లేకుండా వదిలేయడం సావర్‌బ్రుఖ్‌కూ నచ్చినట్టు లేదు. 1920లలో పద్ధతి మార్చాడు. రెండువైపులా మృదులాస్థి కోసి, రొమ్మెముకను అడ్డంగా కొంచెం నరికి పైకి లేపాడు. లేపినది మళ్ళీ కిందికి దిగకుండా తీగ కట్టి, ఆరు వారాల పాటు బయటి నుంచి లాగి ఉంచాడు. రోగి ఆరు వారాలూ వెల్లకిలా పడుకోవాలి. ఈ పద్ధతి యూరప్ నుంచి అమెరికా చేరింది. తర్వాత ముప్ఫై ఏళ్ళు సర్జన్లు చేసినవన్నీ దీనికి మెరుగులే.

ఇక్కడ ఒక తప్పుడు ఊహ కథలోకి వచ్చి, చాలామంది పిల్లల మీద తన గుర్తు వదిలిపోయింది. 1939లో బ్రౌన్ అనే అమెరికన్ సర్జన్, పొట్టకూ రొమ్ముకూ మధ్య ఉండే ఉదరవితానం నుంచి రొమ్మెముక వెనక్కి వచ్చే తంతువులు పొట్టిగా ఉండి ఎముకను లోపలికి లాగుతున్నాయని చెప్పాడు. వినడానికి సబబుగా ఉంది. చిన్నపిల్లలు ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము లోపలికి పోవడం కళ్ళకు కనిపిస్తూనే ఉంది. తాడు లాగుతోందంటే తాడు కోసేయాలి, అదీ వీలైనంత పసితనంలోనే. అలా చిన్నపిల్లలకు ఆపరేషన్ చేయడమే మంచిదన్న నమ్మకం బలపడింది.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో మార్క్ రావిచ్ ఆ ఊహను కొసదాకా తీసుకెళ్ళాడు. రొమ్మెముకను పట్టి ఉంచిన ప్రతి బంధాన్నీ తెంచేస్తే బయటి నుంచి లాగి ఉంచాల్సిన పనే ఉండదని 1949లో రాశాడు. రొమ్ము మీద పొడవుగా కోసి, కండలను పక్కకు లేపి, వంకర తిరిగిన మృదులాస్థినంతా తీసేసి, రొమ్మెముకను అడ్డంగా నరికి పైకి లేపేవాడు. చేయి తిరిగిన సర్జన్, పైగా కొత్త పనిముట్లంటే ప్రాణం. 1958లో సోవియట్ దేశం వెళ్ళినప్పుడు కీవ్‌లో సర్జన్లు కుట్లకు బదులు వాడే స్టేప్లర్ చూసి, ఆ సంగతిని అమెరికాకు మోసుకొచ్చింది ఈయనే. గుంట ఛాతీకి ఆయన పేరుతోనే ఆపరేషన్ నిలిచిపోయింది. నాలుగు దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలన్నీ అదే చెప్పాయి.

అందరూ ఆ దారినే నడిచారని కాదు. 1950లలో ఫిన్లండ్ సర్జన్లు రొమ్మెముకకు లోపలి నుంచి లోహపు కమ్మీతో ఊతం ఇచ్చి చూశారు. 1961లో అమెరికాలో ఆడ్కిన్స్, బ్లేడ్స్ అనే ఇద్దరు కమ్మీని రొమ్మెముక వెనక నుంచే దాటించారు. కాకపోతే మృదులాస్థి కోయడం మాత్రం మానలేదు, కోసిన తర్వాతే కమ్మీ. జపాన్‌లో జురో వాడా ఇంకో విడ్డూరం చేశాడు. రొమ్మెముకను మొత్తంగా బయటికి తీసి, బోర్లా తిప్పి, మళ్ళీ అదే చోట అమర్చాడు. గుంట గుట్ట అవుతుంది కదా! 1968లో జపాన్‌లో మొదటి గుండె మార్పిడి చేసింది కూడా ఈ వాడాయే. ధైర్యానికి ఎక్కడా కొదవ లేదు. కోయకపోతే ఏమవుతుందన్న ప్రశ్నే ఎవరికీ తట్టలేదు.

తట్టకముందే కోత ఖరీదు తెలిసొచ్చింది. ఎముకలు పెరిగేది వాటి చివర్లలో, పిల్లల మృదులాస్థి ఆ పెరుగుదలలో భాగం. దాన్ని మూడేళ్ళకో నాలుగేళ్ళకో తీసేస్తే ఏమవుతుంది? 1990లో కుందేలు పిల్లల మీద చేసిన ప్రయోగంలో మృదులాస్థి తీసేసిన చోట రొమ్ము సరిగా పెరగలేదని తేలింది. 1996లో జాన్స్ హాప్కిన్స్‌కే చెందిన అలెక్స్ హాలర్, ఆయన తోటివారు పన్నెండు మంది పిల్లల సంగతి ప్రచురించారు. చిన్నతనంలో ఆపరేషన్ అయినవాళ్ళు. ఒళ్ళంతా పెరిగింది గానీ రొమ్ము పంజరం చిన్నప్పటి కొలత దగ్గరే ఆగిపోయింది. కోసిన చోట మృదులాస్థికి బదులు గట్టి ఎముకలాంటి మచ్చ వచ్చి బిగుసుకుపోయింది. ఊపిరి పీలిస్తే రొమ్ము వెడల్పు కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గుంట పూడ్చబోయి కొందరు పిల్లలకు ఊపిరికే చోటు లేకుండా చేశాం అన్న ఆ వ్యాసం పేరులోనే, మరీ ఎక్కువగా, మరీ ముందుగా చేసిన ఆపరేషన్లు అని రాసుకున్నారు. రావిచ్ పేరు వెలిగిన ఆస్పత్రి నుంచే ఆ మాట రావడం నాకు ఈ కథ మొత్తంలో గౌరవం కలిగించే ఘట్టం.

ఈ హాలరే 1987లో ఇంకో మేలు చేశాడు. గుంట లోతు ఎంతో చెప్పడానికి అప్పటిదాకా కంటి అంచనాలే ఎక్కువ. ఆయన సీటీ స్కాన్‌లో రొమ్ము అడ్డం కొలతను, గుంట బాగా లోతుగా ఉన్న చోట రొమ్మెముకకూ వెన్నెముకకూ మధ్య దూరంతో భాగించాడు. మామూలు రొమ్ముకు రెండున్నర దగ్గర వస్తుంది. 26 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పిల్లవాడికి ముందు నుంచి వెనక్కి ఆరున్నరే ఉంటే, నాలుగు. 3.25 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచించదగ్గ గుంట అని లెక్క. ఆ అంకెను ఇవాళ్టికీ హాలర్ ఇండెక్స్ అంటారు. గుంట ఛాతీ ఉన్న పిల్లవాడి రిపోర్టులో తల్లిదండ్రులు మొదట వెతకాల్సింది దాన్నే.

అదే 1987లో, వర్జీనియా రాష్ట్రం నార్‌ఫోక్ రేవు పట్టణంలో, కింగ్స్ డాటర్స్ అనే మహిళల సేవాసంఘం పెట్టిన పిల్లల ఆస్పత్రిలో డోనల్డ్ నస్ అనే సర్జన్ ఆలోచనలో పడ్డాడు. దక్షిణాఫ్రికాలో పుట్టి, కేప్‌టౌన్‌లో చదువుకుని వచ్చినవాడు. రావిచ్ ఆపరేషన్ ఆయనకూ వచ్చు. పిల్లవాడి రొమ్ము అంత పొడవునా తెరిచి, అంత మృదులాస్థి తీసి పారేయడం మాత్రం మనసుకు ఎక్కలేదు. ఆయన తర్వాత రాసిన దాన్ని బట్టి చూస్తే, దారి చూపించినవి మూడు సంగతులు. మూడూ ప్రతి పిల్లల డాక్టరుకూ తెలిసినవే.

మొదటిది, పసివాళ్ళ రొమ్ము చాలా మెత్తన. బిడ్డకు ఊపిరి అందకపోతే డొక్కలు ఎగరేస్తాడని మన పల్లెల్లో ఏ అమ్మమ్మయినా చెబుతుంది. అంటే ఊపిరి లాగే బలానికే పక్కలు లోపలికి వంగుతున్నాయన్న మాట. పసికందు గుండె ఆగితే రెండు వేళ్ళతో నొక్కమని అప్పట్లో నేర్పేవారు. కాస్త పెద్ద పిల్లలకు ఒక చేయి, పెద్దవాళ్ళకు రెండు చేతులూ. రెండు వేళ్ళకు వంగే దాన్ని రంపంతో కోయడం ఎందుకు?

రెండోది ముసలివాళ్ళ సంగతి. ఊపిరితిత్తులు ఉబ్బిపోయే జబ్బు ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు రొమ్ము నెమ్మదిగా ముందుకు వచ్చి గుండ్రంగా మారుతుంది. ఎముకలు ముదిరిన వయసులోనే లోపలి ఒత్తిడికి పంజరం ఆకారం మారగలిగితే, ఎదిగే పిల్లల్లో ఎందుకు మారదు?

మూడోది, పక్క గదుల్లో జరిగే వైద్యం. వంకర పాదంతో పుట్టిన బిడ్డకు ఎముకల డాక్టరు వారం వారం పిండికట్టు మార్చి పాదం తిన్నగా చేస్తాడు. వెన్ను వంగిన పిల్లకు పట్టీ కడతారు. ఎత్తు పళ్ళకు క్లిప్పులు పెడతారు. వీళ్ళెవరూ ఎముకను తీసిపారేయరు, కదలనివ్వకుండా పట్టి ఉంచి కాలానికి వదిలేస్తారు. వీటన్నిటికంటే మెత్తనైన రొమ్ముగోడకు ఆ అదృష్టం ఎందుకు లేదు?

ఆ ఏడాదే ఒక చిన్నపిల్లవాడికి ఆయన కొత్త పద్ధతి చేశాడు. ఆ ఆపరేషన్ ఇప్పుడు జరిగే తీరు ఇది. రొమ్మెముకకు ఇటూ అటూ, చంక కింది వరుసలో అంగుళం పొడవు కోతలు రెండు. పిల్లవాడి రొమ్ము కొలత ప్రకారం ఒక స్టీలు బద్దను ముందే విల్లుగా వంచి పెట్టుకుంటారు. పొడవాటి వంకర పనిముట్టు ఒకటి కుడి కోత నుంచి లోపలికి వెళ్ళి, రొమ్మెముక వెనక నుంచి, గుండె ముందు నుంచి, ఎడమ కోతలో తేలుతుంది. గుంట లోతుగా ఉన్న చోట ఎముకకూ గుండెకూ మధ్య జాగా ఎంతో ఉండదు. ఆ రెండు మూడు నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడరు, అందరి కళ్ళూ లోపలి కెమెరా చూపించే తెర మీదే. పనిముట్టు కొసకు నాడా కట్టి వెనక్కి లాగితే, నాడా వెంట స్టీలు బద్ద వచ్చి కూర్చుంటుంది. అప్పటికి విల్లు వంపు వీపువైపు ఉంటుంది. రెండు కొసలూ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పుతారు. కుంగిన పందిరి కింద వాసం పెట్టి లేపినట్టు, గుంట సర్జన్ కళ్ళెదుటే పైకి లేస్తుంది. మృదులాస్థి ముక్క కూడా కోయరు. బద్ద కొసలను పక్కటెముకలకు కట్టి, కోతలు కుట్టేస్తారు. రెండు మూడేళ్ళు ఆ బద్ద లోపలే ఉంటుంది. ఈలోగా రొమ్ము కొత్త ఆకారానికి అలవాటు పడుతుంది. తర్వాత పాత కోతల్లోంచే తీసేస్తారు.

ఇంత చక్కటి ఉపాయం దొరికితే మరొకరైతే మర్నాడే ప్రకటించేవారు. నస్ పదేళ్ళు ఆగాడు. బద్ద లోపల ఉండగా రొమ్ము లేచి కనిపించడంలో గొప్ప లేదు, తీసేసిన తర్వాత కూడా నిలబడితేనే లెక్క. అది తెలియాలంటే ఏళ్ళు కావాలి. 1997లో అమెరికా పిల్లల సర్జన్ల సమావేశంలో ఆ పదేళ్ళ అనుభవం చెప్పాడు. రాబర్ట్ కెల్లీ, డేనియల్ క్రాయిటోరూ వంటి సహచరులతో కలిసి 1998లో ప్రచురించాడు. 42 మంది పిల్లలు. అందులో 30 మందికి బద్ద తీయడం కూడా అయింది. 22 మందికి ఫలితం చాలా బాగుంది, నలుగురికి బాగుంది, ఇద్దరికి ఓ మోస్తరు, ఇద్దరికి ఏమీ బాగులేదు. రక్తం పోయింది సగటున 15 మిల్లీలీటర్లు, అంటే మూడు చెంచాలు.

బాగులేని వాళ్ళ సంగతి ఆయన దాచలేదు. మొదట్లో వాడిన బద్ద మరీ మెత్తనై రొమ్ము బరువుకు వంగిపోయింది. ఒంటిని పట్టి ఉంచే కణజాలమే బలహీనంగా ఉండే మార్ఫన్ సిండ్రోమ్ ఉన్న ఒక బిడ్డకు రొమ్మెముకే మెత్తన, నిలబడలేదు. ఇంకొకరికి బద్ద తొందరపడి తీసేశారు. గట్టి స్టీలు తెచ్చారు. కొందరిలో బద్ద పక్కకు తిరిగిపోతుంటే కొసలకు అడ్డపట్టీ కనిపెట్టారు. పనిముట్టు గుడ్డిగా గుండె పక్క నుంచి పోకుండా చిన్న కెమెరా లోపలికి పంపడం మొదలైంది. ఈ చివరిది ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. పద్ధతి ప్రపంచమంతా పాకిన తర్వాత గుండెకు గాయమైన సందర్భాలు నమోదయ్యాయి. చూడటానికి సులువుగా కనిపించే ఆపరేషన్ కాబట్టే, ఇది తరచూ చేసే సర్జన్ దగ్గరికే వెళ్ళాలి.

కొన్ని పాఠాలు వింతగా ఎదురయ్యాయి. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకో నెలలకో కొందరికి కోత దగ్గర ఎర్రబడి, నీరు చేరేది. సూక్ష్మజీవులనుకుని మందులు వాడితే తగ్గేది కాదు. చివరికి తేలిందేమిటంటే స్టీలులోని నికెల్ పడకపోవడం. గిల్టు నగ పెట్టుకుంటే చెవి పుండుపడేవాళ్ళకు ఈ స్టీలు బద్దా పడకపోవచ్చు. ఇప్పుడు ముందే అడుగుతారు, అనుమానముంటే పరీక్ష చేసి టైటానియం బద్ద వేస్తారు. వయసు లెక్క కూడా మారింది. నస్ మొదటి రోగుల్లో ఎక్కువ మంది ఐదారేళ్ళ లోపువాళ్ళే. మెత్తని రొమ్ము తేలిగ్గా లేచేది నిజమే. కానీ బద్ద తీసిన తర్వాత ఇంకా పదేళ్ళ పెరుగుదల మిగిలి ఉండటంతో కొందరిలో గుంట తిరిగొచ్చింది. అందుకే ఇప్పుడు చాలామంది సర్జన్లు పన్నెండు, పదమూడేళ్ళ దాకా ఆగుతారు. బద్ద కూడా రెండేళ్ళకు బదులు మూడేళ్ళు ఉంచుతారు. మీ మూడేళ్ళ బిడ్డకు డాక్టరు “ఏడాదికోసారి చూపించండి, ఇప్పుడే ఏం చేయొద్దు” అంటే, అది నిర్లక్ష్యం అనుకోకండి.

నొప్పి సంగతి కూడా చెప్పాలి. కోత చిన్నదే కానీ పన్నెండేళ్ళు వంగి ఉన్న రొమ్మును ఒక్క క్షణంలో లేపితే ఆ నొప్పి చిన్నది కాదు. పిల్లలు చాలా రోజులు ఆస్పత్రి మంచం దిగలేకపోయేవారు, బలమైన మందులు కావలసి వచ్చేవి. ఈ మధ్య ఏళ్ళలో పక్కటెముకల వెంట పోయే నరాలను ఆపరేషన్ బల్ల మీదే గడ్డకట్టించి కొన్ని నెలలు మొద్దుబార్చే పద్ధతి వచ్చింది. నరం తిరిగి పెరుగుతుంది, స్పర్శ వస్తుంది. ఈలోగా నొప్పి గడ్డుకాలం దాటిపోతుంది. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పోతున్నారు.

అసలు కత్తే వద్దనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎకార్ట్ క్లోబే అనే జర్మన్ ఇంజనీరుకు స్వయంగా గుంట ఛాతీ. గాజుకప్పు పెట్టి గాలి తీసేసి గుంటను పైకి లాగవచ్చన్న ఆలోచన 1910 ప్రాంతంలోనే ఒక జర్మన్ వైద్యుడికి వచ్చింది కానీ, అప్పటి సామాను దానికి సహకరించలేదు. క్లోబే సిలికాన్ గిన్నె, చేతి పంపు తయారు చేసుకుని ముందు తన రొమ్ముకే పెట్టుకున్నాడు. గిన్నెలో గాలి తగ్గించగానే గుంట పైకి లేస్తుంది. రోజూ కొంతసేపు, నెలలు, ఏళ్ళు. 2005లో జర్మన్ పిల్లల సర్జన్లు ఆయనతో కలిసి 60 మంది రోగుల అనుభవం ప్రచురించారు. లోతు తక్కువగా, రొమ్ము ఇంకా మెత్తగా ఉన్న పిల్లలకు, విసుగు లేకుండా వాడితే, ఇది పనికొస్తుంది. విసుగు లేకుండా అన్నదే కష్టం. దండీలు తీస్తే గుంట పోతుందని చెప్పేవాళ్ళు కూడా ఉంటారు. కసరత్తు వల్ల కండ పెరుగుతుంది, నడుము తిన్నగా ఉంటుంది, అది మంచిదే. ఎముక మాత్రం లేవదు.

పావురం రొమ్ము కథ దక్షిణ అమెరికాలో నడిచింది. బ్రెజిల్‌లో సిడ్నీ హజే అనే ఎముకల డాక్టరు 1970ల చివర నుంచే పొడుచుకొచ్చిన రొమ్మును ముందు నుంచి, వెనక నుంచి నొక్కే పట్టీ కట్టడం మొదలుపెట్టాడు. బ్యూనస్ ఐరిస్‌లో ఒరాసియో అబ్రామ్సన్ నస్ ఉపాయాన్నే తలకిందులు చేశాడు. బద్దను రొమ్మెముక వెనక్కి పంపకుండా, దాని ముందు నుంచి, చర్మం కిందుగా వేసి లోపలికి నొక్కాడు. అదే ఊళ్ళో మార్సెలో మార్తినెజ్-ఫెర్రో హజే పట్టీకి ఒత్తిడి కొలిచే మీటరు తగిలించాడు. రొమ్మును సమంగా నొక్కడానికి ఎంత బలం కావాలో ముందు కొలుస్తారు. తక్కువ బలానికే వంగితే పట్టీ చాలు, మరీ ఎక్కువ కావాలంటే ఆపరేషన్ మాట. పట్టీని కూడా ఒకేసారి బిగించరు. చర్మం కమలకుండా కొద్ది ఒత్తిడితో మొదలుపెట్టి, రొమ్ము దిగుతున్నకొద్దీ సర్దుతారు. 2008లో ఆయన ప్రచురించిన ఫలితాల తర్వాత చాలా దేశాల్లో పావురం రొమ్ము ఉన్న పిల్లలకు మొదట రాసేది పట్టీయే. చొక్కా కింద కట్టుకుని బడికి వెళ్ళొచ్చు, స్నానానికీ ఆటకూ విప్పేయొచ్చు.